మునసబు కాలి పట్టీ

హైమావతి పప్పు గిన్నె దించబోతూ ఆగిపోయింది. ఎడమ మోకాలు చేత్తో పట్టుకుని, పళ్ళ బిగువున ఊపిరి పీల్చి, "అయ్యో నాన్నా, లేచావా?" అంది.

అవతారం వంటింటి గుమ్మంలోనే ఉన్నాడు. అతను లేచి చాలాసేపయింది. ఆ మాట తనను కాదని తెలుస్తూనే ఉన్నా, "ఆఁ, లేచాను" అన్నాడు.

"మిమ్మల్ని కాదండీ!" అని స్టవ్ కట్టేసి, కుంటుకుంటూ పెరట్లోకి పరుగెత్తింది.

పెరట్లో మునసబు లేచి నిలబడ్డాడు. పేరుకి మునసబు గాని వాడు మనిషి కాదు, పెద్దబాతు. తెల్లటి ఒళ్ళు, నారింజరంగు ముక్కు, మెడ ఎత్తి నడిస్తే ఊరంతా తనదే అన్నంత దర్పం. చాలా ఏళ్ళ క్రితం హైమావతి పనిచేసే పశువైద్య పరిశోధనశాలలో ఒక గుడ్డు ఆలస్యంగా పగిలింది. పిల్ల బతకదని అందరూ పక్కన పెట్టేస్తే హైమావతి కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది. పెరిగి పెద్దయ్యాక గేటు దగ్గర కాపుకాసి, వచ్చిన వాళ్ళందరినీ నిలేసి అరిచేవాడు. పోస్టుమాన్, పాలవాడు, కరెంటు బిల్లు కుర్రాడు ఎవరైనా సరే, మునసబుగారికి సంజాయిషీ చెప్పుకోకుండా లోపలికి అడుగుపెట్టడానికి లేదు. ఆ పేరు వీధివాళ్ళు పెట్టిందే.

ఇప్పుడు మునసబు ముసలివాడైపోయాడు. కాలి కీళ్ళు ఉబ్బిపోయాయి. కీళ్ళవాతం. ఒక అడుగు వేసి ఆగుతాడు, ఇంకో అడుగు వేసి కూర్చుంటాడు.

పక్షులతో వచ్చిన చిక్కేమిటంటే నొప్పిని బయటపెట్టవు. బలహీనపడినట్టు కనిపిస్తే నక్కో కుక్కో ఎత్తుకుపోతుందన్న భయం వాటి రక్తంలోనే ఉంటుంది. ఆఖరి క్షణం దాకా మెడ నిక్కించుకునే తిరుగుతాయి. అందువల్ల మందు ఎంత వెయ్యాలో ఎవరికీ తెలియదు. తక్కువైతే బాధ తగ్గదు, ఎక్కువైతే కిడ్నీలు పోతాయి. పరిశోధనశాలలో హైమావతి, పరికరాల ఇంజనీరు నజీరా కలిసి కొన్నేళ్ళు తలలు బద్దలుకొట్టుకుని తయారుచేసింది ఈ చిక్కు కోసమే. పావలా బిళ్ళంత బిళ్ళ ఒకటి బాతు కాలి పట్టీలో ఉంటుంది. కీలు నరంలో పుట్టిన నొప్పిని అది పసిగట్టి ఫోను ద్వారా పంపిస్తుంది. మనిషి మోకాలి మీద కట్టుకున్న రెండో పట్టీ ఆ నొప్పిని అందుకుని, అక్కడి నరంలో అంతే నొప్పిని పలికిస్తుంది. బాతు ఎక్కడున్నా సరే, దాని నొప్పి మనిషికి తెలిసిపోతుంది. దానికి సహవేదన పట్టీ అని పేరు పెట్టింది హైమావతి.

మొదటిసారి కట్టుకున్న రోజు అవతారానికి బాగా గుర్తుంది. నజీరా ఇంటికి వచ్చి, మునసబు కాలికి ఒకటి, హైమావతి మోకాలికి ఒకటి బిగించి, "మేడమ్, ఆన్ చేస్తున్నా" అంది. మునసబు గేటు వైపు ఒక అడుగు వేశాడు. హైమావతి నిలబడినదల్లా అక్కడే కూలబడిపోయింది. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారాయి.

"ఇన్నాళ్ళూ ఇలాగే నడుస్తున్నాడా వీడు? ఇలాగేనా? నా కళ్ళముందే!"

ఆ తర్వాత మునసబుని ఒళ్ళో పెట్టుకుని, పొద్దుపోయేదాకా కాలు నిమురుతూనే ఉండిపోయింది. అవతారం తన కాఫీ తనే కలుపుకున్నాడు.

అవతారం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా జిల్లాలో వాలీబాల్ అంటే అతని పేరే చెప్పేవాళ్ళు. నెట్ దగ్గర గాల్లోకి లేస్తే మళ్ళీ నేల గుర్తొచ్చేదాకా దిగడనేవాళ్ళు. ఆ ఎగరడాలన్నీ ఇప్పుడు రెండు మోకాళ్ళలో తిష్ఠవేశాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. "మోకాళ్ళు పట్టేశాయి హైమా" అంటే, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఆ నూనె రాసుకోండి, అలమరలో ఉంది" అనేది. ఇంకోసారి, "వయసు వచ్చింది కదండీ" అంది. ఆ మాట మాత్రం మనసులో ముల్లులా దిగిపోయింది. మునసబుకి మాత్రం వయసు రాలేదా?

పట్టీ వచ్చాక ఇంట్లో రోజు తీరే మారిపోయింది. మునసబు లేస్తే హైమావతి లేస్తుంది. మునసబు కుంటితే హైమావతీ కుంటుతుంది. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి వాడి కింద ఎండుగడ్డి సర్దుతుంది. పెరట్లో సిమెంటు గచ్చు గట్టిగా గుచ్చుకుంటోందని తనకే తెలిసిపోయి, మర్నాటికల్లా మెత్తటి రబ్బరు పట్టా పరిపించింది. సాయంత్రాలు వాణ్ణి ఎత్తుకెళ్ళి గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో దింపేది. నీళ్ళలో తేలితే బరువు కాళ్ళ మీద పడదు. అప్పుడామె మొహం కూడా తేటపడేది. "హమ్మయ్య, తగ్గింది" అని మోకాలు చాపుకుని నవ్వేది. ఆ నవ్వు బాతుకీ ఆమెకీ మధ్యదే. అవతారం మెట్లమీద పేపరు పట్టుకుని కూర్చుని ఆ నవ్వునే చూస్తుండేవాడు. పేపరు మాత్రం ఆ పేజీ దాటేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు. "అది నా కన్నా బాగా అర్థమవుతోందన్నమాట నీకు."

"దాని నొప్పి తెలుస్తోంది కదండీ మరి" అంది హైమావతి, మామూలుగా.

"నాది తెలీదా?"

"మీరు చెప్తారుగా."

అవతారం లేచి వీధిలోకి నడిచాడు. మీరు చెప్తారుగా! చెప్తే వినేది ఎవరు?

*

బిళ్ళలు రెండుండేవి. ఒకటి మునసబు కాలికి, ఒకటి ఛార్జింగులో. హైమావతి పొద్దున్నే పరిశోధనశాలకు వెళ్ళిపోతుంది కాబట్టి, రోజూ బిళ్ళ మార్చే పని అవతారానికి అప్పజెప్పింది. పట్టీకున్న చిన్న జేబులోంచి పాతది తీసి, ఛార్జయినది పెట్టడమే. మునసబు ముక్కుతో చెయ్యి పొడుస్తున్నా సరే, అవతారం శ్రద్ధగానే చేసేవాడు.

ఆ రోజు మాత్రం ఛార్జయిన బిళ్ళ చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మునసబు గడ్డి మీద కూర్చుని ఓరగా చూస్తున్నాడు. అవతారం కుడి మోకాలికి ఎప్పటిలాగే నీ-క్యాప్, అదే బిగుతు తొడుగు, వేసుకుని ఉన్నాడు. బిళ్ళ ఇందులో పెడితే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. ఒక్క పూటే కదా. ఛార్జి అయిపోయిన పాతదాన్ని మునసబు పట్టీలోనే ఉంచేసి, కొత్త బిళ్ళను తన నీ-క్యాప్ లోపలికి తోశాడు.

తర్వాత అటక మీదున్న పాత ట్రంకు పెట్టె గుర్తొచ్చినట్టు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మూడో మెట్టుకల్లా మోకాలు చురుక్కుమంది. నాలుగో మెట్టుకు కళ్ళు బైర్లు కమ్మాయి. అప్పుడే జేబులో ఫోను మోగింది.

"ఏవండీ!" హైమావతి గొంతులో కంగారు. "మునసబు ఎక్కడున్నాడు? ఏమైనా ఎక్కాడా?"

అవతారం నిచ్చెన పట్టుకుని వేలాడుతున్నాడు. "ఆఁ... గట్టు ఎక్కబోయాడు."

"అయ్యో! ఎంత నొప్పి వచ్చిందో తెలుసా? కూర్చోబెట్టండి. మెల్లగా, తొందరపెట్టకండి."

అవతారం నిచ్చెన దిగి కుర్చీలో కూర్చున్నాడు. ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"కాస్త తగ్గింది" అంది హైమావతి.

"అవును. తగ్గింది" అన్నాడు అవతారం. అది నిజమే.

"ఇంకా పోటుగానే ఉంది పాపం. కాలు చాపి పెట్టండి. దగ్గరే ఉండండి, ఏం?"

అవతారం కాలు చాపుకున్నాడు. ఆమె అంత మెత్తగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో! ఫోను పెట్టేసిన తర్వాత కూడా ఆ మెత్తదనం చాలాసేపు చెవిలోనే ఉండిపోయింది. ఒక్క పూట అనుకున్న బిళ్ళను మర్నాడూ వదల్లేదు, రాత్రి ఛార్జి చేసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. ఆ తర్వాతా వదల్లేదు.

హైమావతి ఇంట్లో ఉన్నప్పుడు అతను పనిగట్టుకుని మేడమీదికి వెళ్ళేవాడు. మెట్టుమెట్టుకీ వంటింట్లోంచి "అబ్బా" అని వినపడేది. ఆమె నొప్పి పడుతోందని జాలివేసేది గాని, ఆ జాలి కింద ఇంకొకటి ఉండేది. దాన్ని అతను తనలో తాను కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇన్నాళ్ళకి తన మోకాలు ఆమెకు తెలుస్తోంది. అది ఎంత బరువో, ఎంత మొండిదో తెలుస్తోంది.

కానీ "అబ్బా" అన్న మరుక్షణం ఆమె పరుగెత్తేది పెరట్లోకి. నొప్పి తనది, నిమిరేది బాతుని. తన మోకాలి పోటుకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, ఆ తడి కళ్ళు మునసబు కేసి చూస్తున్నాయి. మేడమీద కిటికీలోంచి చూస్తున్న అవతారానికి ఒళ్ళు మండిపోయింది. ఇంతకుముందు తనకు రానిది బాతుకి పోతోందన్న బాధ. ఇప్పుడు తనకు రావలసిందే బాతుకి పోతోంది.

"మునసబుకి ఒక్కసారిగా ముదిరిందండీ" అంది హైమావతి ఒక సాయంత్రం. అన్నం కలిపింది గాని తినలేకపోతోంది. "వాడు పైకేమీ తెలియనివ్వడు. నాకు తెలుస్తోంది గాని. ఎముక ఎముకను ఒరుసుకుంటున్నట్టుంది. ఈ నొప్పితో నేనైతే మంచం దిగను. వాడెలా ఓర్చుకుంటున్నాడో!"

"ఓర్చుకుంటాడు. ఏం చేస్తాడు మరి" అన్నాడు అవతారం.

"మందు పెంచాలి."

ఆ మాట అవతారం చెవిన పడింది. పడింది గాని దిగలేదు. ఆమె గుక్కెడు మజ్జిగ తాగి, లేచి వెళ్ళి, మునసబు ముక్కు విప్పి చుక్కలు వేసింది. మునుపటికన్నా ఎక్కువే వేసింది. మరో రెండు రోజులకి ఇంకాస్త పెంచింది. "ఇంత వేస్తున్నా తగ్గడం లేదేంటి?" అని తనలో తనే అనుకునేది. ఎలా తగ్గుతుంది? మందు బాతుకి, నొప్పి మాస్టారిది.

ముందు గమనించింది అవతారమే. పోస్టుమాన్ గేటు తీసుకుని సరాసరి వరండాలోకి వచ్చేశాడు. "ఏంటి మాస్టారూ, మునసబుగారు సెలవులో ఉన్నారా?" అని నవ్వాడు. మునసబు గడ్డిలో మెడ రెక్కల్లోకి ముడుచుకుని పడుకునే ఉన్నాడు, తల కూడా ఎత్తలేదు. తొట్టిలో మేత వేసినది వేసినట్టే ఉంది. నీళ్ళు మాత్రం తాగుతూనే ఉన్నాడు.

అవతారం మేత తొట్టిని వాడి ముక్కు దగ్గరికి జరిపాడు. రేపు బిళ్ళ తీసేద్దాం అనుకున్నాడు. మర్నాడు పొద్దున బిళ్ళను వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు కూడా. ఇది తీసేస్తే హైమ మోకాలు తేలికపడిపోతుంది. మళ్ళీ తను మెట్లెక్కితే ఎవరికీ తెలియదు. ఇంకొక్క రోజు అనుకుని లోపలికి తోసేశాడు.

*

ఆ రోజే హైమావతి మునసబుని బుట్టలో పెట్టుకుని పరిశోధనశాలకు తీసుకెళ్ళింది. రక్తం పరీక్ష చేయాలి, పెద్ద తొట్టిలో తేలించి చూడాలి అంది. మధ్యాహ్నానికి ఫోను చేసి, "క్యారియర్ మర్చిపోయాను, కాస్త తెచ్చిపెడతారా?" అని అడిగింది. అవతారం ఆటో ఎక్కి బయల్దేరాడు. నీ-క్యాప్ తీసి ఇంట్లో పెట్టాలని తట్టనే లేదు. అది అతనికి చర్మంలా అలవాటైపోయింది.

తొట్టి గది మేడమీద ఉంది. కింద వరండాలోంచి సరాసరి పైకి మెట్లు. తలుపు తీసే ఉంది. క్యారియర్ ఒక చేత్తో, రెయిలింగు ఒక చేత్తో పట్టుకుని అవతారం ఎక్కడం మొదలుపెట్టాడు. పైనుంచి నజీరా గొంతు వినిపిస్తోంది.

"మేడమ్, వీడు నీళ్ళల్లో ఉన్నాడు. కాళ్ళు వేలాడుతున్నాయి చూడండి. బరువే లేదు. ఇప్పుడు నొప్పి ఎందుకొస్తోంది?"

"వస్తోంది నజీరా. ఇదిగో, ఇప్పుడు. మళ్ళీ. మళ్ళీ."

అవతారం సగం మెట్లలో ఉన్నాడు. తల ఎత్తి చూస్తే గుమ్మంలోంచి తొట్టి కనిపిస్తోంది. మునసబు నీళ్ళ మీద తెల్లగా, కదలకుండా తేలుతున్నాడు. పక్కన హైమావతి మోకాలు పట్టుకుని నిలబడింది. ఆమె మొదట నీళ్ళకేసి చూసింది. తర్వాత గుమ్మంలోంచి కిందకి, మెట్లమీదున్న మొగుడి కేసి చూసింది.

అవతారం ఇంకో మెట్టు ఎక్కాడు. హైమావతి భుజం ఉలిక్కిపడింది.

"ఆగండి" అంది.

ఆగాడు.

"ఒక మెట్టు దిగండి."

దిగాడు. హైమావతి కళ్ళు మూసుకుని, పెదవి కొరికి, మళ్ళీ తెరిచింది.

"ఎక్కండి."

"హైమా..."

"ఎక్కండి అంటున్నా."

ఎక్కాడు. ఆమెకి ఇంక అడగాల్సిందేమీ లేకపోయింది. మెట్లు దిగి వచ్చి, అతని ప్యాంటు మోకాలి దగ్గర పట్టుకుని తడిమింది. నీ-క్యాప్ కింద గుండ్రటి బిళ్ళ చేతికి తగిలింది. అలాగే కాసేపు చెయ్యి పెట్టుకుని ఉండిపోయింది. ఆమె చెయ్యి తన మోకాలి మీద పెట్టింది ఎన్నేళ్ళకో. ఇలా పెట్టింది.

"ఎన్నాళ్ళుగా?" అంది.

అవతారం చెప్పాడు.

హైమావతి వెనక్కి తిరిగి, "నజీరా, మందు ఆపు! సెలైన్ పెట్టు!" అని అరుస్తూ పైకి పరుగెత్తింది. కుంటడం లేదు. అతను కదలకుండా నిలబడ్డాడు కాబట్టి.

రక్తం ఫలితం వచ్చేసరికి ఎండ వాలింది. మునసబు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఎంత దెబ్బతిన్నాయో వెంటనే చెప్పలేం అంది నజీరా. ఆమె కంప్యూటరులో పాత నొప్పి గీతలన్నీ తెరిచి పెట్టుకుంది. అవి చూస్తూ, "మాస్టారూ, ఇది మీ నొప్పా?" అని ఆశ్చర్యంగా అడిగింది. "ఇది చూసే మేం హడలిపోయాం. బాతుకి ఇంత వస్తే ఎలా బతుకుతుందా అని!" తర్వాత మెల్లగా, హైమావతి కేసి తిరిగి, "మేడమ్, అంటే మనుషుల నొప్పిని కూడా ఇది పంపగలదన్నమాట. ఆసుపత్రుల్లో..." అంది.

"మనిషికి నోరుంది నజీరా" అంది హైమావతి. "దీనికి నోరు లేదు కాబట్టి పట్టీ కట్టాం."

ఆ మాటతో అవతారానికి ఇన్నాళ్ళదీ పొంగింది. నజీరా ఉందన్న సంగతి కూడా మర్చిపోయాడు.

"నోరుందా? నోరుంది. ఎన్నిసార్లు చెప్పాను నీకు? నూనె రాసుకోమన్నావు. వయసు వచ్చిందన్నావు. ఏనాడైనా తల తిప్పి ఎక్కడ నొప్పి అని అడిగావా? దాని కాలు మడత పడితే నీ కంట్లో నీళ్ళు. నేను పడి లేచినా నీకు తెలీదు!"

"డాక్టరు దగ్గరికి రమ్మంటే వచ్చారా మీరు? డ్రిల్లు మాస్టారికి మోకాలి ఆపరేషనా, ఊరు నవ్వుతుంది అన్నది ఎవరు? నొప్పిగా ఉందని మీరు నాకు చెప్పలేదండీ. గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేవారు."

"గోడలాగే ఉండేదానివి నువ్వు."

హైమావతి చిన్న గొంతుతో అంది. "ఉన్నాను. ఒప్పుకుంటాను. కానీ ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది మీ నొప్పికి. అన్నం సయించనిది మీ నొప్పికి. అది తెలిసి కూడా, నా చేత్తో నేను పెంచుకున్న ప్రాణికి నా చేతనే విషం పోయించారు. చూస్తూ కూర్చున్నారు."

నజీరా లేచి బయటికి వెళ్ళి, మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.

*

మందు ఆపేశారు. మునసబు ఒంట్లోకి సెలైన్ ఎక్కిస్తున్నారు. మందు దిగేకొద్దీ అసలు నొప్పి తిరిగి వస్తుంది, ఎంత వస్తోందో తెలియాలి, అప్పుడే ఎప్పుడు నీళ్ళలో దించాలో, ఎప్పుడు కాపడం పెట్టాలో తెలుస్తుంది అంది నజీరా. పట్టీ ఎవరో ఒకరు కట్టుకోవాలి. ఇన్నాళ్ళూ పట్టీ కట్టుకుని హైమావతి మోకాలి చర్మం కమిలిపోయి ఉంది.

"నాకు కట్టు" అన్నాడు అవతారం.

"వద్దు. మీకు సొంతవే చాలు" అంది హైమావతి, అతని కేసి చూడకుండా.

"ఎడమ మోకాలికి కట్టు నజీరా. అది కాస్త నయంగా ఉంది."

నజీరా ఇద్దర్నీ చూసి కట్టేసింది. బిళ్ళను మునసబు పట్టీలో పెట్టి ఆన్ చేసింది.

అవతారం తన నొప్పిలాంటిదే వస్తుందనుకున్నాడు. కాదు. ఇది సన్నటిది. ఒంటి బరువంతా ఒకే ముల్లు మీద నిలబెట్టినట్టుంది. మెట్లెక్కినప్పుడు వచ్చి దిగాక పోయేది కాదు. అలా ఉంటూనే ఉంది. ఇంతటి దాన్ని దాచుకుని ఈ ముసలాడు గేటు దగ్గర అంత దర్పంగా ఎలా అరిచాడో అతనికి బోధపడలేదు. తనయితే కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ మూలిగి, ఎవరైనా విన్నారా అని చూసుకునేవాడు.

హైమావతి వచ్చి మునసబు పక్కన నేలమీద కూర్చుంది. అరచెయ్యి వాడి కాలి కీలు మీద పెట్టి, ఊరికే ఉంచింది.

ముల్లు వంగినట్టయింది. అవతారం మోకాల్లో నొప్పి సగానికి సగం దిగిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. అది అతనికి తెలిసిన చెయ్యే. పెళ్ళయిన కొత్తలో మ్యాచ్ ఆడి వచ్చిన సాయంత్రాలు ఈ చెయ్యే తన మోకాలి మీద ఉండేది. ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ తెలీదు. ఇప్పుడు ఆ చెయ్యి తన నుంచి నాలుగడుగుల దూరంలో ఇంకొకరి కాలి మీద ఉంది, దాని సుఖం మాత్రం అరువుగా తనకి వస్తోంది. అతనికి బాతు మీద కోపం రాలేదు. కుళ్ళు మాత్రం వచ్చింది. ఇంతకుముందెప్పుడూ రానంత వచ్చింది. ఈ చెయ్యి ఏం చేయగలదో ఇప్పుడు తనకు స్పష్టంగా తెలుసు మరి.

"ఏమైంది?" అంది హైమావతి. అతని కళ్ళలో నీళ్ళు చూసింది. "ఎక్కువైందా?"

"తగ్గింది" అన్నాడు. "నువ్వు చెయ్యి తీయకు."

*

మునసబు బతికాడు. కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. నొప్పి మందు ఇక జన్మలో వేయడానికి లేదు. హైమావతి పైవాళ్ళకి నిజమే చెప్పింది, ఆ రోజుల లెక్కలన్నీ పనికిరావని. ప్రయోగం అక్కడితో నిలిపేశారు. ముసలి బాతుల్నీ కోళ్ళనీ పెంచుకునేవాళ్ళ చేతికి ఆ ఏడే అందాల్సిన పట్టీలు అటకెక్కాయి. మొదటినుంచి మళ్ళీ చెయ్యాలి, ఈసారి ఇంట్లో కాదు, తాళం వేసిన గదిలో అన్నారు. అందుకు కారణం తన మొగుడని హైమావతి దాచలేదు. ఇంటికొచ్చి చాలా రోజులు అతనితో ముక్తసరిగానే మాట్లాడింది.

మునసబు పని అవతారం నెత్తిన వేసుకున్నాడు. మందు లేదు కాబట్టి మిగిలినవన్నీ చేయాల్సిందే. మెట్టున్న చోటల్లా చెక్కతో వాలు కట్టాడు. గింజలు తగ్గించి, ఆకుకూర తరిగి పెట్టి ఒంటి బరువు దించాడు. డ్రిల్లు మాస్టారు కదా, పొద్దున్నే వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, కాళ్ళు మెల్లగా ముడిచి చాపించేవాడు. మునసబు చెయ్యి పొడిచేవాడు. పొడిచినా మానలేదు. సాయంత్రం నీళ్ళ తొట్టిలోకి ఎత్తి దించే పని మాత్రం హైమావతిదే. అది ఆమె ఎవరికీ ఇవ్వలేదు. అవతారం మెట్లమీద కూర్చుని చూసేవాడు. పేపరు మళ్ళీ ఆ పేజీ దాటేది కాదు.

ఒక సాయంత్రం వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. అవతారం అన్నాడు. "నజీరా దగ్గర పట్టీలు ఉన్నాయిగా. ఒక్కసారి నాది కట్టుకుంటావా? ఈసారి చెప్పే కడతాను."

హైమావతి తల అడ్డంగా ఊపింది.

"వద్దు" అంది. "ఆ నొప్పి నాకు తెలుసు. కానీ అది మునసబుదనుకుని భరించాను. మీది మీ నోటితో చెప్పండి. వింటాను."

"ఏం చెప్పను? నొప్పిగా ఉంది."

"ఎలాంటి నొప్పి? పోటా? సలుపా? లాగుతుందా?"

అవతారం మోకాలి కేసి చూసుకున్నాడు. ఇంతమంది పిల్లలకి పరుగెత్తడం నేర్పాడు గాని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆలోచించాల్సి వచ్చింది. "పొద్దున లేవగానే కర్రలా బిగుసుకుని ఉంటుంది. కాసేపు నడిస్తే వదులుతుంది. తర్వాత..."

పెరట్లోంచి మునసబు బాకా ఊదినట్టు అరిచాడు. తొట్టి వేళ దాటిపోయింది. మళ్ళీ అరిచాడు. హైమావతి కుర్చీలోంచి సగం లేచింది.

అవతారం మాట మింగేశాడు. వెళ్ళిపోతుంది, ఎప్పుడూ ఇంతే అనుకున్నాడు. ఆమె వెళ్ళింది కూడా. మొహం తిప్పుకుని వీధి కేసి చూస్తూ కూర్చున్నాడు. పెరట్లో నీళ్ళు చిందిన చప్పుడు, రెక్కలు కొట్టుకున్న చప్పుడు, ఆ మధ్యలోంచి హైమావతి గొంతు వినిపించింది.

"తర్వాత? ఆపేశారేం? చెప్పండి, వింటున్నాను! సాయంత్రం అయ్యేసరికి ఏమవుతుంది?"

"తీపు పెడుతుంది!" అన్నాడు అవతారం.

మునసబు అరుపులో అది కొట్టుకుపోయింది.

"ఏంటీ? సలుపా?"

"సలుపు కాదు!" అవతారం రెయిలింగు పట్టుకుని లేచి, పెరటి వైపు తిరిగి, గ్రౌండ్లో పిల్లల్ని పిలిచే గొంతుతో అరిచాడు. "తీపు! లోపల ఎముకలో లాగేస్తుంది! రెండు మోకాళ్ళలోనూ!"

మునసబు ఇంకా గట్టిగా అరిచాడు. అవతారం అంతకన్నా గట్టిగా చెప్పాడు. వాడు మానేదాకా తనూ మానలేదు.